గవరయ్య మేస్త్రి పట్టిన మైల

మొన్న మా కోడలు ఇక్కడ రంగూనులోని తామ్వే బజారు నుంచి గాజుగ్లాసుల పెట్టె ఒకటి తెచ్చింది. దారిలో వానకు తడిసిపోయింది. మూత ఊడదీసి, గ్లాసుల మధ్య కుక్కిన వరిగడ్డినంతా వంటింటి గడప దగ్గర పోగుపెట్టింది. ఆ వాసన వచ్చి తగలగానే చదువుతున్న పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. తడిసి, ముక్కిపోయి, కాస్త పుల్లగా ఉండే వాసన. "ఏం మావయ్యగారూ, ఒంట్లో బాగులేదా?" అంది కోడలు. బాగానే ఉన్నానమ్మా అన్నాను. నిజం చెప్పాలంటే గవరయ్య మేస్త్రి గురించి చెప్పాలి. ఆయన గురించి మొదలుపెడితే మధ్యలో ఆపడం నాకు చేతకాదు, పొయ్యి మీద కూర మాడుతుంది, ఆ తిట్లు మళ్ళీ నాకే. అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

నేను రంగూను వచ్చింది ఇరవయ్యో దశకంలో, ఇంకా దొరల రాజ్యం నడుస్తుండగా. మా వైపు రంగూను అని ఎవరూ అనరు, రంగం అంటారు. రంగం వెళ్ళినవాడు బాగుపడతాడని మా ఊరి నమ్మకం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి, రేవు దగ్గర సీమసారాలు దిగుమతి చేసే ఒక దొరల కంపెనీలో గుమాస్తా పని దొరికింది. స్టీమరు దిగిన పెట్టెల్ని సరిచూసి గోడౌనులో పెట్టించడం నా వంతు. గోడౌను లోపలి పెత్తనం మాత్రం గవరయ్య మేస్త్రిది. భీమునిపట్నం వైపు మనిషి. పొట్టిగా, గట్టిగా, భుజం మీద ఎప్పుడూ తడితువ్వాలు. కూలీలందరూ ఆయన వెంట వచ్చిన మనవాళ్ళే. నాకప్పుడు ముక్కు మీద కోపం. ఇప్పుడు తగ్గిందా అని మా ఇంట్లో మాత్రం అడక్కండి. చదువుకున్నవాణ్ణి, నాకొక మేస్త్రి చెప్పేదేమిటి అనుకుంటూనే లోపల అడుగుపెట్టాను.

మొదటిరోజే ఒక పెట్టెలోంచి సీసాని మెడ పట్టుకుని పైకి లాగాను. "ఓలమ్మో! బావూ, అలగే ఉండు, కదలకు!" అని ఒక్క కేక. బావూ అనేది మా వైపు మర్యాదగా పిలిచే పిలుపు. కేక మాత్రం అంత మర్యాదగా లేదు. ఆయన మెల్లగా వచ్చి, సీసా అడుగున ఒక అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో నడుం పట్టి, చంటిపిల్లని అందుకున్నట్టు నా దగ్గర్నుంచి అందుకున్నాడు.

"ఇది పొంగుసీసా. లోపల గాలి కుక్కీసి ఉంటాది. మన ఎండకి అది ఊరుకుంటాదేటి? పేలిందంటే నీ కన్ను పోతాది. కంపెనీవోడు ఇంకో కన్నిస్తాడేటి?"

నాకు రోషం వచ్చింది. "ఇవి తాగే సీసాలా, బాంబులా?" అన్నాను.

"తాగీవోల్లకి తాగే సీసాలు. మోసీవోల్లకి బాంబులే" అన్నాడు, నవ్వకుండా.

ఆ వారంలోనే ఎండలో వదిలేసిన పెట్టెలో ఒకటి ఢామ్మని పేలింది. గాజుముక్క నా చెవి పక్కనుంచి పోయి తలుపుచెక్కలో దిగబడింది. ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత నోరు మూసుకుని ఆయన చెప్పినట్టల్లా చేశాను. సీసాని ఎత్తేముందు అరచేత్తో తాకి వేడి చూడటం, మొహానికి తడిగోనె కట్టుకోవడం, ఇలాంటివన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పొంగుసీసా అని మేం అనేది తెల్ల ద్రాక్షసారాయిని. మూత తీస్తే బుసబుసమని నురగ కక్కుతుంది. పెద్ద పెద్ద కంపెనీల సరుకు ఎన్నో రకాలు వచ్చేది. వాటి మధ్య ఒక్క సరుకు వేరు. చలికాలం మొదట్లో, ఏడాదికొక్కసారి, కాసిని పెట్టెలు మాత్రమే దిగేవి. ఒక్కో సీసాకీ గడ్డితో అల్లిన తొడుగు ఉండేది. సీసా మీది చీటీలో కొండవాలూ, దాని కింద ఒక చిన్న ఇల్లూ బొమ్మగా వేసి ఉండేవి. ఫ్రాన్సులో ఉత్తరాన, చలి ఎక్కువగా ఉండే మూల, ఒక కుటుంబం సొంతంగా చేసే సరుకది అని మా దొర చెప్పాడు. అక్కడ ఎండ చాలక ద్రాక్ష తియ్యగా పండదట, పుల్లగా ఉండగానే కోస్తారట. రసం పులుస్తుండగా చలి వచ్చి దాన్ని నిద్రపుచ్చుతుందట. సీసాల్లో పోశాక మళ్ళీ పులియడం మొదలై, ఆ గాలి బయటికి పోలేక లోపలే చిక్కుకుంటుందట. ఆ ఇంట్లో ఉన్నది ఒక ముసలాయన, ఆయన ఒక్కగానొక్క కూతురు, అంతే. రోజూ నేలమాళిగలోకి దిగి ఒక్కో సీసానీ చేత్తో కాస్త కాస్త తిప్పి పెడతారట.

ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే గవరయ్య పని ఆపి విన్నాడు. "అయితే ఇది కంపెనీ సరుకు కాదు బావూ, ఇంటి సరుకు. మాయమ్మ ఊరగాయెట్టినట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పెట్టెల్ని కూలీల చేతికి ఇవ్వలేదు. రేవు నుంచి ఇసక తెప్పించి, దిబ్బగా పోయించి, తడిపి, సీసాల్ని అందులో తనే పడుకోబెట్టి కప్పేవాడు. మధ్యాహ్నం అన్నం మానేసినా ఇసక తడపడం మానేవాడు కాదు. ఒకసారి ఒక సీసా కార్కు కారుతుంటే దొర దాన్ని తీయించి మా ఇద్దరికీ చెరో గుక్క పోశాడు. అమోఘంగా ఉందని నేను అబద్ధం చెప్పాను. గవరయ్య నాలిక చప్పరించి, "సింతసిగురు నీల్లు తాగితే నాలిక మీద సీమలు పాకినట్టున్నాది" అన్నాడు. ఏమంటున్నాడని దొర అడిగితే, చాలా సంతోషిస్తున్నాడండి అని చెప్పాను.

ఆ సీసా విప్పేటప్పుడే నాకు ఇంకో సంగతి తెలిసింది. కార్కు ఎగిరిపోకుండా దాని మీద సన్నటి ఇనుపతీగ బిగించి కొసలు మెలిపెడతారు. పెద్ద కంపెనీలవి మరతో బిగించినవి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఈ ఇంటి సరుకు చేత్తో మెలిపెట్టింది. గవరయ్య రెండు సీసాలు నా ముందు పెట్టాడు.

"ఇది ముసిలాయన కట్టింది. కొస లోపలికి మడిసీసేడు సూడు, ఎవులి ఏలికీ గుచ్చుకోకూడదని. ఇది ఆ గుంట కట్టింది. కొస బయటికొదిలీసింది. నా ఏలెలగ గీరీసిందో సూడు. ఒట్టి తొందర గుంట."

మా వైపు ఆడపిల్లని ముద్దుగా గుంట అంటారు. "ఏది ఎవరు కట్టారో నువ్వు చూసొచ్చావా?" అని వెక్కిరించాను. ఆ రెండోది కార్కు కారుతున్న సీసాయే, దాని తీగ నన్ను విప్పమన్నాడు. అందరిలాగే తిప్పాను. ఊడటం మాట అటుంచి ఇంకా బిగుసుకుంది.

"అటు కాదు, ఇటు తిప్పు. అది ఎడంసేత్తో కట్టిన మెలిక బావూ. ముసిలాయనది కుడిసెయ్యి, గుంటది ఎడంసెయ్యి. అయ్య పక్కన కూకోని ఎడంసేత్తోనే పని సేసుకుంటంది. ఆ అయ్య ఏటీ అన్లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బిందె తీసుకుని ఇసక తడపడానికి వెళ్ళిపోయాడు. పొద్దునే తడిపిన ఇసక అది.

గవరయ్య ఇల్లు పజుందాంగ్ కాలువ ఒడ్డున. భార్య పేరు మా మ్యా, బర్మా మనిషి; మా అనేది అక్కడ ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట. తెలుగు మొగుడి దగ్గరే నేర్చుకుంది కాబట్టి మాట అచ్చం మా యాసే. సెలవురోజున నన్ను భోజనానికి పిలిచేవారు. ఒక ఆదివారం, గవరయ్య నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఎడమచేతి తీగ సంగతి సరదాగా ఎత్తాను. ఆవిడ గబుక్కున గుమ్మం వైపు చూసింది.

"ఆ మాట ఈ ఇంట్లో అనకు తమ్ముడూ. మా పైడిది ఎడంసెయ్యే" అంది.

పైడమ్మ వాళ్ళ ఒక్క కూతురు. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మనవాళ్ళకి ఎడమచెయ్యి అంటే ఎంత పట్టింపో చెప్పక్కర్లేదు. అన్నానికి కూచున్నప్పుడల్లా గవరయ్య తన తువ్వాలుతో ఆ చేతిని నడుముకి కట్టేసేవాడట. పిల్ల కుడిచేత్తో మెతుకులు ఒలకబోసుకుంటూ, ఏడుస్తూ తినేదట. పెద్దదయ్యాక ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనిచేసే కో టున్ అనే బర్మా కుర్రాణ్ణి ఇష్టపడింది. దానికి గవరయ్య అడ్డు చెప్పలేదు, తను చేసుకున్నదీ అలాగే కదా. కుర్రాడి తరఫు పెద్దలు మాట్లాడ్డానికి వచ్చిన రోజు, కంగారులో ఆ పిల్ల తాంబూలం పళ్ళేన్ని ఎడమచేత్తో అందించింది. గవరయ్య అందరి ముందూ ఆ పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేశాడు. "నానెంత సెప్పినా ఈ సెయ్యి మారదేటి? ఎవులు పెంచిన గుంటంటారు నిన్ను?" అన్నాడట. పైడమ్మ చెదిరిన తమలపాకుల్ని ఎడమచేత్తోనే ఒక్కొక్కటీ ఏరి పళ్ళెంలో పెట్టింది. "ఈ సెయ్యి నువ్విచ్చిందే అయ్యా" అని, వచ్చినవాళ్ళతోపాటే వెళ్ళిపోయింది. పెళ్ళి అక్కడే అయింది. మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. ఇన్సేన్ ఏమంత దూరం? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. మా మ్యా వెళ్ళి వస్తూనే ఉండేది. గవరయ్య వెళ్ళలేదు.

అది తెలిశాక ఆయన ఆ సీసాల దగ్గర కూచున్నప్పుడల్లా నేను పని ఆపి చూసేవాణ్ణి. గడ్డి తొడుగు తీసి, తీగని వేలితో తడిమి, మళ్ళీ తొడిగి ఇసకలో పెట్టేవాడు. "ఈ యేడు గుంట బాగానే కట్టింది" అని తనలో తను అనుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక అనేశాను.

"మేస్త్రీ, ఒక్కసారి ఇన్సేన్ వెళ్ళి రాకూడదా?"

"తప్పు దానిదనుకున్నప్పుడు కోపంతో ఎల్లలేదు బావూ. తప్పు నాదని తెలిసినాక సిగ్గుతో ఎల్లలేకపోతన్నాను. ఏ మొకమెట్టుకుని ఎల్తాను?" చేతిలో సీసాకేసి చూస్తూ అన్నాడు. "ఈ ముసిలోడు నాకన్నా నయం. పక్కన కూకోబెట్టుకున్నాడు."

ఆ మాట అన్న ఏడాదే పైడమ్మకి నెలలు నిండుతున్నాయని కబురొచ్చింది. గవరయ్య మొహం చూడాలి! సరుకు మోసే పొగరుబోతు కుర్రాళ్ళని కూడా తిట్టడం మానేశాడు. "స్టీమరు సరుకు దిగిపోనాక నానూ ఎల్తాను బావూ. పురుడు కదా, ఎల్లకపోతే ఎలగ" అన్నాడు. వంక దొరికినందుకు ఆయన కంటే నేనే ఎక్కువ సంతోషించాను. మా మ్యా ముందే ఇన్సేన్ వెళ్ళిపోయింది. స్టీమరూ వచ్చింది. ఆ ఇంటి పెట్టెలు దిగాయి. గవరయ్య ఒక సీసా తొడుగు తీశాడు, తీగ తడిమాడు. రెండోది తీశాడు. ఇంకోటి, ఇంకోటి. ఒక పెట్టె అయ్యాక మరో పెట్టె విప్పించాడు. చివరికి ఇసకలో చతికిలబడ్డాడు.

"పెద్దాయన పోనాడు బావూ."

"నీకెవరు చెప్పారు?"

"అన్నీ గుంటే కట్టింది. కొసలు సూడు. అయ్య మడిసినట్టే లోపలికి మడిసింది. అయ్య పని కూడా అదే సేస్తంది."

చూశాను. అన్ని మెలికలూ ఎడమచేతివే. కొసలన్నీ ముసలాయన మడిచినట్టే మడిచి ఉన్నాయి. గవరయ్య లేచి, తిన్నగా రేవు మెట్లు దిగి, కట్టుబట్టలతో మూడు మునకలు వేసి, నీళ్ళోడుతూ వచ్చాడు. అయినవాడు పోయాడని తెలిస్తే చేసే మైలస్నానం అది. కూలీలు కడుపుబ్బ నవ్వారు. "మేస్త్రీ, ఆ దొర నీకు పెదనాన్నేటి, మేనమావేటి?" అని ఒకడు. ఆయన పట్టించుకోలేదు. ఒంటిపూట తిన్నాడు, చాప మీద పడుకున్నాడు, గడ్డం గీయించుకోలేదు. అచ్చం సొంత అన్నగారు పోయినట్టు మైల పట్టాడు.

మొదట నేనూ నవ్వాను. కో టున్ పంపిన మనిషి గోడౌనుకి వచ్చేదాకానే ఆ నవ్వు. పైడమ్మకి నొప్పులు మొదలయ్యాయట, అయ్యని రమ్మంటోందట. గవరయ్య ఆ మనిషిని దగ్గరికి కూడా రానివ్వకుండా దూరం నుంచే చెప్పాడు. "నాకు మైల. పురిటింటికి మైల మడిసి రాకూడదు, పిల్లకి తగుల్తాది. మైల తీరిన పొద్దే ఒస్తానని సెప్పు. తప్పకుండా ఒస్తాడని సెప్పు." ఎవరు పోయారని ఆ మనిషి అడిగితే, కూలీలు నవ్వుతూ సీమలో ద్రాక్షతోట ముసలాయన సంగతి చెప్పారు. అతను వెళ్ళిపోయాక నేను మండిపడ్డాను.

"నీకేమైనా పిచ్చి పట్టిందా మేస్త్రీ? ముక్కూ మొహం తెలీనివాడికి మైలేమిటి? చుట్టమా, పక్కమా?"

"సుట్టమే" అన్నాడు. "నాకు బుద్ది సెప్పినోడు. తెలిసీ మైలతో ఎల్లి దానికేటయినా అయితే? ఇన్నాల్లూ దాన్ని ఏడిపించింది సాలదేటి బావూ?"

ఎంత అరిచినా కదల్లేదు. ఆ కదలకపోవడం భయంతోనూ, ప్రేమతోనూ. అది నాకిప్పుడు తెలుస్తోంది కానీ అప్పుడు చేతిలో ఉన్న కాగితాలు నేలకేసి కొట్టి వచ్చేశాను.

ఇంకా మైల తీరకముందే, తర్వాతి స్టీమరులో ఆ సరుకు తాలూకు ఏజెంటు ఒకాయన రంగూను వచ్చాడు. దొర గదిలో కూచుని ఉంటే నేనే చొరవ చేసి, ఆ ముసలాయన ఎలా పోయారండీ అని అడిగాను. ఆయన పగలబడి నవ్వాడు. పోవడమేమిటి, నేలమాళిగ మెట్ల మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాడట. పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, కొసలు లోపలికి మడువు, లోపలికి మడువు అని రోజంతా కూతుర్ని సాధిస్తున్నాడట. నేను గోడౌనుకి ఎలా వచ్చిపడ్డానో నాకే తెలీదు. "మేస్త్రీ! బతికే ఉన్నాడయ్యా!" అని అరిచాను. గోడౌనంతా గొల్లున నవ్వింది. "లేని సావు పుట్టించేవు మేస్త్రీ, ఇంక ఆయనకి ఆయుస్సు పెరిగినట్టే!" అని ఎవరో అన్నారు. చావుకబురు అబద్ధమైతే ఆ మనిషి ఆయుష్షు పెరుగుతుందని మనవాళ్ళు అనుకునే మాటే. గవరయ్య పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం ఆ రోజే చూశాను.

"అయితే నాకు మైల లేనట్టేనేటి బావూ?"

"ఎప్పుడూ లేదు. పద!"

దొరని అడిగి నేనూ ఆయన వెంట రైలెక్కాను. ఇన్సేన్ దాకా ఆయన నోరు ఊరుకోలేదు. "ముందు నానే పలకరించాల గదా? ఏటనాల? ఏమే పైడీ అంటే సాలేటి?" అని నాకే పరీక్షలు. "దాని ఎడంసేత్తోనే అన్నం ముద్ద ఎట్టమంటాను బావూ. దాని మొగుడి ముందే అడుగుతాను" అన్నాడు. అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

కో టున్ ఉండే సందు మొదట్లోనే ఆగిపోయాను. ఆ ఇంటి ముందు జనం చాపల మీద కూచుని ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. మెట్టు మీద మా మ్యా, ఒళ్ళో గుడ్డలో చుట్టిన పసివాడు. కాన్పు అయింది, పిల్లాడు బాగానే ఉన్నాడు. తల్లికి జ్వరం వచ్చి తగ్గలేదు. ఆ తెల్లవారుజామునే పోయింది. మాకు చెప్పడానికి బయల్దేరిన మనిషి దారిలో మాకు ఎదురుపడలేదు. గవరయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మా మ్యా ఆయన్ని తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అయ్యకి మైలంట, తీరగానే ఒస్తాడంటని సెప్పేను. ఎవులు పోనారని అడిగింది. సీమలో ద్రాచ్చతోట ముసిలాయనన్నాను. గోడ ఏపు తిరిగి పడుకున్నాది. 'అయ్యకింకా నా మొకం సూడ్డం ఇష్టం నేదమ్మా, ఎవుడో దొరకి మైల పట్టేనని సెప్పి పంపేడు' అన్నాది. కాదే అన్నాను. నమ్మలేదు."

గవరయ్య లోపలికి వెళ్ళి కూతురి పక్కన కూచున్నాడు. "ఏమే పైడీ" అన్నాడు. సాయంత్రం దాకా అక్కణ్ణించి లేవలేదు.

ఆ తర్వాత కూడా పనిలోకి వచ్చాడు. మనిషి వచ్చాడు, అంతే. మరుసటి ఏడు ఆ ఇంటి పెట్టెలు దిగితే కూలీల చేతికే వదిలేశాడు. ఏదైనా ఒక మంచిమాట చెబుదామని, ముసలాయన మణికట్టు అతుక్కుందట, మళ్ళీ పనిలోకి దిగాడట అన్నాను. నాకేసి తిరిగి అడిగాడు.

"ఆయనకి ఆయుస్సు పెరిగిందన్నారు గదా బావూ ఆ పొద్దు. ఆ పెరిగిందెక్కణ్ణించొచ్చింది? ఎవులిదో తియ్యాల గదా?"

బాలింత జ్వరమనీ, వైద్యం అందలేదనీ చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఆయన నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూశాడు. చివరికి తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. యుద్ధం రాకముందే ఆయనా పోయాడు.

ఎవరైనా రమ్మన్నారంటే నేను చొక్కా కూడా మార్చుకోకుండా బయల్దేరతాను. వర్జ్యమనీ, మైలనీ ఎవరు అడ్డుపడినా ఆగను. పిలవకముందే వచ్చే ముసలాడని ఈ పేటలో నాకు పేరు. అన్నవాళ్ళని అననిస్తాను. కానీ నలుగురూ కూచున్నచోట, ఫలానావాడు చచ్చాడనుకున్నాం, నిక్షేపంలా ఉన్నాడు, ఆయుష్షు పెరిగిందిలే అని ఎవరో అంటారు. అందరూ నవ్వుతారు. నేను లేచి వచ్చేస్తాను. ముసలాడికి చావంటే భయం అనుకుంటారు కాబోలు. పైడమ్మ ఎవరో వాళ్ళకి తెలియదు.